పిల్లికూన ఆహారము: ఎంపికయు మార్పును

పిల్లికూనకు ఏమి పెట్టవలెను, పెట్టుచున్నదానిని ఎప్పుడు మార్చవలెను, ఎట్లు మార్చవలెను అను ప్రశ్నలు గృహకృత్యములలో మిక్కిలి చిన్నవిగా తోచినను, గత యాబది సంవత్సరములుగా వీనిని గూర్చి పశువైద్యులును, పోషణశాస్త్రజ్ఞులును, ఆహారముల నుత్పత్తి చేయు సంస్థలును, పిల్లులను పెంచువారును వెలిబుచ్చిన అభిప్రాయములు ఒకదాని నొకటి ఖండించుచు, తొలిసారిగా ఒక కూనను ఇంటికి తెచ్చుకొన్నవారిని దిక్కు తోచని స్థితిలో నిలుపుచున్నవి. పొడి గుళికలే మేలని ఒకరు, తడి ఆహారము తప్ప తక్కినది తగదని వేఱొకరు, పచ్చిమాంసమే ప్రకృతిసిద్ధమని ఇంకొకరు వాదించుచుండగా, ఇంటి పెద్దలు పాలును అన్నమును చాలునని తేల్చివేయుదురు.

పెద్దల మాటకు ఆధారము లేకపోలేదు. ధాన్యపు గాదెలున్న తెలుగు లోగిళ్ళలో పిల్లి ఎలుకలను, బల్లులను, పిచ్చుకలను పట్టి తినుచు, గృహిణి పోసిన పాలను, విడిచిన చేపముళ్ళను పైఆహారముగా మాత్రమే గ్రహించెడిది. అందుచే పాలన్నము తిన్న పిల్లి పదేండ్లు బ్రదికినదను అనుభవము సత్యమే గాని, ఆ ఆయువు పాలన్నము వలన కలిగినదను అనుమానము సత్యము గాదు. నేడు హైదరాబాదునందో, విశాఖపట్టణమునందో మూడవ అంతస్తులో తలుపులు మూసిన ఇంట పెరుగు కూనకు, పళ్ళెములో మనము పెట్టినది తప్ప వేఱు గతి లేదు. వేట లోపమును పూడ్చునన్న భరోసా తొలగిపోయినది గనుకనే ఈ చర్చకు ఇంత గురుత్వము వచ్చినది. ఇందు మూడు వేర్వేఱు ప్రశ్నలు కలిసిపోయియున్నవి: కూన శరీరమునకు కావలసిన దేమి, అది ఏ రూపమున అందవలెను, ఒక ఆహారమునుండి మఱియొకదానికి ఎట్లు మరల్చవలెను. మొదటిది చాలవఱకు తేలినది, రెండవది తేలలేదు, ఇంటివారికి అన్నిటికంటె ముందుగా ఎదురగు మూడవదానిపై పరిశోధన అత్యల్పము.

పూర్వచరిత్ర

ఇంటిపిల్లికి మూలపురుషుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతముల అడవిపిల్లియని 2007లో ప్రకటితమైన జన్యుపరిశోధన స్థాపించినది. సైప్రస్ ద్వీపమునందలి షిల్లూరోకాంబోస్ అను తావున సుమారు 9,500 సంవత్సరముల నాటి మానవసమాధి చెంతనే ఒక పిల్లిని పూడ్చియుండుట అంతకు మూడేండ్లు ముందుగా, 2004లో వెల్లడియైనది. ఇంతటి దీర్ఘసహవాసములో మనుష్యుడు పిల్లికి పూర్ణాహారము నమర్చ పూనుకొన్న కాలము మాత్రము కడు స్వల్పము. పందొమ్మిదవ శతాబ్దమున లండను వీథులలో గుఱ్ఱపుమాంసపు ముక్కలను పుల్లలకు గ్రుచ్చి పిల్లులకై అమ్ముచు తిరుగువారుండిరి. 1860 ప్రాంతమున ఆ నగరమందే జేమ్స్ స్ప్రాట్ అనునతడు కుక్కల బిస్కత్తులను అమ్మ నారంభించుటతో పెంపుడుజంతువుల ఆహారవ్యాపారమునకు పునాది పడినది. పిదప డబ్బా ఆహారము వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున తగరము కొఱవడి డబ్బాలు దొరకకపోవుటయు, 1950ల దశకమున పిండిని వేడిమి, ఒత్తిడుల చేత ఉడికించి ఉబ్బించు యంత్రపద్ధతి ఈ రంగమున ప్రవేశించుటయు పొడి గుళికలకు ప్రాబల్యమును తెచ్చినవి. కావున పొడి ఆహారము వ్యాపించుటకు పిల్లి శరీరధర్మము కారణము గాక, నిల్వ, రవాణా, వెలలయందలి సౌలభ్యము కారణమైనది. ఇంతమాత్రముచే అది చెడ్డదని చెప్పరాదు గాని, అది శాస్త్రము కోరి పుట్టించిన రూపమని తలంచుటయు పొరపాటే.

ఈ చరిత్రలో రెండు ఘట్టములను నిదానించి పరిశీలింపవలసియున్నది. కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ పాటెంజర్ అను వైద్యుడు 1932 మొదలు 1942 వఱకు వందలకొలది పిల్లులకు, కొన్నిటికి పచ్చిమాంసమును, కొన్నిటికి వండిన మాంసమును పెట్టి, వండినది తిన్న వానికి పుట్టిన కూనలు తరతరమునకు క్షీణించినవని ప్రకటించెను. పచ్చిమాంసవాదులు నేటికిని దీనిని ప్రధానసాక్ష్యముగా చూపుదురు. ఆ పిల్లులకు లోపించినది పచ్చిదనమా, లేక వంటలో నశించు ఏదేని ఒక పదార్థమా అను ప్రశ్నకు ఆనాడు సమాధానము లేదు.

ఆ సమాధానమునకు దారి చూపినది రెండవ ఘట్టము. పాలలోని కేసీన్ ఆధారముగా తయారైన ఆహారమును తిన్న పిల్లుల కంటితెర క్షీణించుటకు టారిన్ అను పదార్థపు లోపమే కారణమని కె.సి.హేస్ ప్రభృతులు 1975లో నిరూపించిరి. పిల్లి దీనిని తన శరీరమునందు చాలినంత తయారుచేసికొనజాలదు, మాంసమునుండియే గ్రహింపవలెను. ఈ సంగతి తెలిసిన పిమ్మట సైతము, అంగడిలో సంపూర్ణాహారమను పేర అమ్ముడగుచున్న వానినే తినుచున్న పిల్లులు గుండెకండరము సడలి, గుండె ఉబ్బి మరణించుట మానలేదు. అందుకును టారిన్ కొఱతయే హేతువనియు, దానిని చేర్చినచో జబ్బుపడిన గుండె సైతము కోలుకొనుననియు డేవిస్ నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పాల్ పయాన్ తన సహచరులతో కూడి 1987లో చూపగా, ఉత్పత్తిదారులు తమ పాకములలో దాని పరిమాణమును పెంచవలసివచ్చినది. ఈ వృత్తాంతము ఉభయపక్షములకును హెచ్చరిక. పచ్చిమాంసవాదులు మహిమగా భావించినదానిలో కొంతభాగము ఒక్క పదార్థపు లీల కావచ్చును. సంచిపై అచ్చైన సంపూర్ణమను మాటయో, ఆనాటి విజ్ఞానము ఎంతవఱకు తెలిసికొన్నదో అంతవఱకే ప్రమాణము.

వివాదము తీరిన భాగము

పిల్లి మాంసమునే ఆశ్రయించి జీవింపవలసిన జంతువు. కారెట్టువంటి శాకములలోని రంగుపదార్థమును మన శరీరము ఎ విటమినుగా మార్చుకొనును, పిల్లి మార్చుకొనజాలదు. ఆర్జినిన్ అను పోషకపదార్థము లేని భోజనము నొక్కమారు చేసినంతనే దాని రక్తమున అమోనియా పెరిగి ప్రాణాపాయము కలుగునని మోరిస్, రోజర్స్ అను శాస్త్రజ్ఞులు 1978లో చూపిరి. తీపిని గ్రహించు జన్యువు పిల్లిలో పనిచేయుట మానినదని 2005లో తేలినది.

కూన విషయమున ఈ అవసరములు ఇంకను తీవ్రములు. పుట్టినప్పుడు నూఱు గ్రాములకు అటునిటుగా నుండు ప్రాణి, ఎనిమిది వారములకు ముప్పాతిక కిలోకు పైబడి తూగవలెను. అందుచే కిలో బరువునకు పెద్దపిల్లికి కావలసిన శక్తికి రెండు మూడు రెట్లు దానికి కావలెను. అమెరికాలోని మేత నియంత్రణాధికారుల సంఘమైన ఆఫ్కో నిర్ణయించిన ప్రమాణముల ననుసరించి, తేమను తీసివేసిన లెక్కలో, పెద్దపిల్లి ఆహారమున నూటికి 26 పాళ్ళు మాంసకృత్తులు చాలును గాని, పెరుగు కూనకు 30 పాళ్ళకు తగ్గరాదు. తేమను తీసివేయుట అను మాటను ఏమఱరాదు. నూటికి 78 వంతులు నీరున్న పౌచ్‌పై మాంసకృత్తులు 10 శాతమని కనబడినచో, అది లెక్కకు 45 శాతమగును. 10 శాతము తేమయున్న పొడి గుళికలపై 32 శాతమని అచ్చైనది నిజముగా 36కు లోపే. ఈ లెక్క తెలియక తడి ఆహారమును బలహీనమని త్రోసిపుచ్చువారు అనేకులు. అంకెకంటె ముందుగా చదువవలసినది మఱొకటి కలదు: ఆ ఆహారము పెరుగుదలకు, లేదా అన్ని వయస్సులకు సంపూర్ణమని వ్రాయబడినదా, కేవలము అనుబంధాహారమని వ్రాయబడినదా అనునది. నాకించు మెత్తని ట్యూబులు, ట్యూనా తునకలు మాత్రమే నింపిన డబ్బాలు తఱచుగా రెండవ కోవకు చెందినవి. కూన వానిని ఎంత ప్రీతితో తినినను వానితోనే పెంచరాదు.

ఆవుపాల సంగతియు తేలినదే. తల్లిపిల్లి పాలలో మాంసకృత్తులు ఆవుపాలలోని వానికి రెండింతలకు మించియుండును. పాలు మఱచిన కూన కడుపులో పాలచక్కెరను జీర్ణించు శక్తి నానాటికి తగ్గుచు పోవును. తల్లిలేని పసికూనకు ఆవుపాలు పోసి కాపాడ చూచువారి దయను శంకింపరాదు. కాని ఆ దయయే విరేచనములకు దారితీసి, నీరు కోల్పోయిన కూన ఒకటి రెండు దినములలో చనిపోవుట అరుదు కాదు. నాలుగు వారములు నిండని కూనకు పిల్లికూనలకై తయారగు పాలపొడియే శరణ్యము.

రూపమును గూర్చిన పక్షములు

పొడి గుళికల పక్షమువారు వెలను, నిల్వను, ఉద్యోగులు ఇంట లేని పగటివేళ పళ్ళెములో చెడక నిలుచు సౌలభ్యమును చూపుదురు. మన వేసవిలో ఈ చివరి వాదమునకు బలమెక్కువ. తెఱచిన తడి ఆహారము మే మాసపు మధ్యాహ్నమున గంట రెండు గంటలకే చెడిపోవును. తడి ఆహారపు పక్షమువారు నీటిని ముందుంచుదురు. ఎలుక దేహమున నూటికి 65 నుండి 70 వంతులు నీరు. పొడి గుళికలలో పదింటికి మించదు. పిల్లియో, దప్పికను వెంటనే గుర్తించి తీర్చుకొను స్వభావము కలది కాదు. పొడి ఆహారమే ముఖ్యముగా తిని ఇంటిలోపలనే పెరిగిన కూనలు ఏడాది వయస్సునకు అధికముగా లావెక్కుచున్నవని ఇంగ్లండునందలి బ్రిస్టల్ పరిశీలన వెల్లడించినది. ఐనను పొడి ఆహారమే సకలరోగములకు మూలమనుట సాక్ష్యమును మించిన మాట: 1980ల దశకమున మూత్రపు రాళ్ళ నివారణకై మెగ్నీషియమును తగ్గించి, మూత్రమునకు ఆమ్లగుణము వచ్చునట్లు ఆహారములను సవరింపగా, ఒక జాతి రాళ్ళు తగ్గి వేఱొక జాతి రాళ్ళు పెరిగినవి. పిల్లి శరీరమున ఒక మూలను సరిచేసినంతమాత్రమున తక్కిన మూలలు చక్కబడవని ఆ అనుభవము తెలుపుచున్నది. ఈ రెండు పక్షముల నడుమ పోరు తీవ్రమే గాని, ఫలితము ప్రాణాంతకము గాదు. రెంటిలో ఏదియైనను సంపూర్ణమైనచో కూన పెరుగును, రెంటిని కలిపి పెట్టుటకును అభ్యంతరము లేదు.

పచ్చిమాంసపు పక్షము వేఱు. స్వేచ్ఛగా వేటాడు పిల్లులు తమ శక్తిలో సగమునకు పైగా మాంసకృత్తులనుండియు, తక్కినదానిలో అధికభాగము కొవ్వునుండియు పొందుచు, పిండిపదార్థమును అత్యల్పముగా గ్రహించుచున్నవనుట వారికి బలమైన ఆధారము. కాని వేటాడిన పిల్లి ఎలుకను ఎముకలతో, కాలేయముతో, ప్రేవులతో సహా తినును. అంగడినుండి తెచ్చిన ఎముకలేని కోడిమాంసము ఎలుకకు సమానము గాదు. కండలో కాల్షియము ఒక వంతైన భాస్వరము పదునైదు ఇరువది వంతులుండును. కేవలము దానినే తిను కూన తన ఎముకలలోని కాల్షియమును కరగించుకొని, మంచముపైనుండి దుమికినంతనే కాలు విఱుగగొట్టుకొను దుర్దశకు వచ్చును. రోగక్రిముల భయము దీనికి తోడు. దక్షిణకొరియా రాజధానియైన సియోల్‌లో 2023లోను, అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున 2024లోను పచ్చి ఆహారము మూలముగా పిల్లులకు బర్డ్‌ఫ్లూ సోకి మరణములు సంభవించినవి. 2025 ఆరంభమున మన గోదావరి జిల్లాల కోళ్ళఫారములలో ఆ వ్యాధియే వ్యాపించిన సంగతిని మఱవని వారెవ్వరును, టీకాలైనను పూర్తికాని కూనకు పచ్చికోడిని పెట్టుటకు సాహసింపరాదని దృఢముగా చెప్పవలసియున్నది.

ఇంటివంట మన దేశమున అన్నిటికంటె పెద్ద పక్షము. దానికి ప్రచారకులు లేరు గాని అనుచరులు కోకొల్లలు. ఉడికించిన కోడి, చేప, గ్రుడ్డు, కొంచెము అన్నము: ఇవి మంచి పదార్థములే. కాని వీనిని కలిపినంత మాత్రమున సంపూర్ణాహారము కాదు. డేవిస్ విశ్వవిద్యాలయమువారు పెద్దపిల్లులకై ప్రచారములో నున్న 114 వంటకవిధానములను సేకరించి 2019లో ఫలితములను ప్రకటింపగా, విశ్లేషణకు వీలైనవానిలో ప్రతిదానియందును ఏదో ఒక పోషకము కొఱవడియే యుండెను. పెద్దపిల్లి సహింపగల లోపమును పెరుగు కూన సహింపలేదు. దీనికి మన వంటయింటి అపాయములను చేర్చవలెను: ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసుముక్కలు పిల్లి ఎఱ్ఱరక్తకణములను నశింపజేయును, కాలేయమునే నిత్యము పెట్టినచో ఎ విటమిను మితిమీరును, కొన్ని జాతుల పచ్చిచేపలలో బి1 విటమినును చెఱచు పదార్థము కలదు, సముద్రతీరపు ఇండ్లలో పెట్టు ఉప్పు పట్టించిన ఎండు నెత్తళ్ళు కూన కడుపునకు తగవు. ఐనను ఇంటివంటను పూర్తిగా నిషేధించుట న్యాయముగా తోచదు. నెలకు కూన ఆహారముపై వేయి రూపాయలు వెచ్చింపలేని గృహములు అనేకములు. వారికి వైద్యుని సలహాపై కాల్షియము, టారిన్, విటమినుల మిశ్రమమును చేర్చు మార్గమును చూపకుండ, సంచి కొనలేనివారు పిల్లిని పెంచరాదనుట నిర్దయ.

శాకాహార కుటుంబముల ప్రశ్న మన సమాజమున నిజమైన ధర్మసంకటము. కృత్రిమముగా తయారైన టారిన్, ఎ విటమినులను చేర్చినచో మాంసము లేకయే పిల్లిని పోషింపవచ్చునని కొందఱు విదేశీయులు వాదించుచున్నారు. 1,369 పిల్లుల యజమానుల మాటలపై ఆధారపడి 2023లో ప్రకటితమైన పరిశీలనలో శాకాహారపు పిల్లుల ఆరోగ్యము తక్కినవానికి తీసిపోవుచున్నట్లు కనబడలేదు. కాని యజమాని మాట రక్తపరీక్షకు బదులు కాదు. పెరుగు కూనలపై విశ్వసనీయమగు దీర్ఘపరిశోధన లేదు. ఇంట పెరుగన్నము తప్ప పెట్టమని నిశ్చయించుకొన్నవారు, మాంసము కలిసిన సంచినైన ఇంట నుంచుకొనుటకు మనస్సొప్పనిచో, కూనను తెచ్చుకొనక ముందే ఆ మాట ఆలోచించుకొనవలెను.

మార్పు: నిలుకడయా, వైవిధ్యమా

పూర్వపు ఆహారమునుండి క్రొత్తదానికి ఏడు మొదలు పది దినములలో, తొలుత పాతిక, పిదప సగము, ఆపై ముప్పాతిక వంతుగా కలుపుచు మరల్చవలెనను నియమమును వైద్యులందఱును చెప్పుదురు. ప్రేవులలోని సూక్ష్మజీవులు క్రొత్త ఆహారమునకు అలవడుటకు వ్యవధి కావలెననుట దీనికి హేతువు. ఏడు దినములే యెందుకు, నాలుగైనచో నేమి అని యడిగినచో ఖచ్చితమైన ప్రమాణము దొరకదు. ఇది ప్రయోగమున తేల్చినదానికంటె చికిత్సానుభవమున స్థిరపడిన నియమమని యొప్పుకొనుట నిజాయితీ. ఐనను పాటించుటలో నష్టము లేదు, పాటింపకున్న కూనకు విరేచనముల భయము కలదు.

అసలు భేదము వేఱొకచోట నున్నది. ఒకే ఆహారమును ఎన్నుకొని ఏడాది పొడుగునను మార్చరాదని ఒక పక్షము. వివిధ రుచులను, వివిధ రూపములను బాల్యముననే చవి చూపవలెనని మఱియొక పక్షము. మొదటివారు కడుపు నిలుకడను చూచుచున్నారు. రెండవవారు స్వభావమును చూచుచున్నారు. కూన తల్లిని చూచి తినుట నేర్చుకొనుననుటకు చక్కని సాక్ష్యము కలదు: అరటిపండు తినుటకు అలవాటు చేయబడిన తల్లిపిల్లుల చెంత నున్న కూనలు, మాంసము అందుబాటులో నున్నను అరటిపండునే తినుట నారంభించినవని వాండా విర్వికా 1978లో చూపెను. బాల్యమున పొడి గుళికలు మాత్రమే ఎఱిగిన పిల్లి, పదేండ్లకు మూత్రపిండముల వ్యాధి వచ్చి తడి ఆహారము తప్పనిసరియైన నాడు దానిని ముట్టనని మొండికెత్తుట వైద్యులకు నిత్యానుభవము.

ఈ రెంటికిని కాలభేదముచే సమన్వయము కుదురునని నా నిశ్చితాభిప్రాయము. క్రొత్త ఇంటికి వచ్చిన తొలివారమున కూనకు తల్లి లేదు, తోబుట్టువులు లేరు, పరిచితమైన వాసన లేదు. అట్టి సమయమున ఆహారమును గూడ మార్చుట క్రూరత్వము. ఎచ్చటినుండి తెచ్చితిమో వారు పెట్టుచున్నదానినే, అది మనకు నచ్చకున్నను, కొంతకాలము కొనసాగింపవలెను. వారు పెట్టుచున్నది పాలన్నమే యైనచో మాత్రము ఈ నియమమునకు మినహాయింపు. అప్పుడు తొలిదినముననే సంపూర్ణాహారమును కొంచెము చేర్చి, మూడు నాలుగు దినములలోనే పాలను తొలగింపవలెను. కూన స్థిమితపడి, మలము గట్టిపడి, బరువు పెరుగుచున్నదని తెలిసిన పిమ్మట, మూడవ మాసమునుండి ఆఱవ మాసము లోపల, పొడిని, తడిని, రెండు మూడు రుచులను నెమ్మదిగా పరిచయము చేయుట దాని భవిష్యత్తునకు మేలు. ఫ్రిజ్‌నుండి తీసిన తడి ఆహారమును శరీరపు వెచ్చదనమునకు తెచ్చి పెట్టినచో వాసన లేచి, కూన త్వరగా అంగీకరించును.

ఆకలి పట్టించినచో అదియే తినునను మాటను మాత్రము కూన విషయమున ఎన్నడును ఆచరింపరాదు. రెండు మాసముల కూన ఒక దినమంతయు తినకున్నచో రక్తమునందలి చక్కెర పడిపోయి సోలిపోవును. అట్లే విరేచనములైన ప్రతిసారియు ఆహారపు మార్పునే తప్పుపట్టి, మఱల మఱల సంచులు మార్చుచు కాలము గడపుట ప్రమాదకరము; ఏలికపాములు మిక్కిలి సామాన్యము, టీకా లేని కూనకు పాన్‌ల్యూకోపీనియా అను అంటువ్యాధి సోకినచో గంటలు సైతము విలువైనవి. వాంతియు, నీరసమును, తిండి మానుటయు కలిసి కనబడినచో అది ఆహారప్రశ్న కాదు, వెంటనే వైద్యుని చెంతకు పోవలసిన అవస్థ.

ఇంకను తేలనివి

పొడి, తడి ఆహారములలో ఏది తిన్న కూన వార్ధక్యమున ఎక్కువ ఆరోగ్యముతో నుండునో చెప్పుటకు, కూనతనమునుండి మరణము వఱకు అనుసరించిన పరిశీలనలు చాలవు. మన వీథిపిల్లులకు పుట్టిన కూనలకు విదేశీయ జాతులపై నిర్ణయించిన ప్రమాణములు యథాతథముగా వర్తించునా అనునదియు పరీక్షింపవలసియున్నది. మన పశువైద్య విశ్వవిద్యాలయములు పాడిపశువులపై చూపుచున్న శ్రద్ధలో స్వల్పభాగమునైన దీనిపై చూపుట అవసరము.

పన్నెండవ మాసమున పెద్దపిల్లుల ఆహారమునకు మార్చవలెనను సామాన్యనియమమును సైతము ఇప్పుడు పునఃపరిశీలింపవలసివచ్చినది. సంతానము కలుగకుండ చేయు శస్త్రచికిత్స ఐదాఱు మాసములకే జరుగుచున్న ఈ దినములలో, ఆ పిమ్మట కూన ఆకలి పెరిగి శక్తి అవసరము తగ్గును, ఎముకల పెరుగుదల మాత్రము ఆగదు. వెంటనే తేలిక ఆహారమునకు మార్చుడని కొందఱును, కూనల ఆహారమునే పరిమాణము తగ్గించి కొనసాగింపుడని కొందఱును చెప్పుచున్నారు. పెరుగుదలకు కావలసిన కాల్షియము, మాంసకృత్తులు తగ్గవు గనుక రెండవ మార్గమే సురక్షితముగా కనబడుచున్నది. కాని అది పళ్ళెమును రోజంతయు నింపియుంచు అలవాటును మాని, కొలిచి పెట్టుచు, పక్షమునకొకమారైన కూనను తూచి, ప్రక్కటెముకలు చేతికి తగులుచున్నవో లేవో తడిమి చూచు ఇంటివారి ఓపికపై ఆధారపడియున్నది.